గన్నేరు, పచ్చగన్నేరు: ఇంటిపేరు ఒకటే, మొక్కలు రెండు

(సికింద్రాబాద్‌లో జరిగిన మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. వాయిదాల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినవి చెప్పారు. ఇక ఒక అరగంట మొక్కల గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. ఉద్యోగమంతా కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక కాదనలేకపోయాను. ఇక్కడ హాజరు పట్టీ లేదు, పరీక్షా లేదు. ఎవరికైనా కునుకు పడితే నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఈ విషయం మన ఆరోగ్యంతోనూ మనవల క్షేమంతోనూ ముడిపడి ఉన్నది కనుక కొంచెం మెలకువగా వినవలసిందని మనవి.

నేను ఎంచుకొన్నవి రెండే మొక్కలు. ఒకటి గన్నేరు, రెండవది పచ్చగన్నేరు. మారేడుపల్లి, మెట్టుగూడ, లాలాగూడ, పద్మారావునగర్, సైనిక్‌పురి, మనలో ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నా గేటు దాటి నాలుగు అడుగులు వేస్తే వీటిలో ఒకటైనా కంటబడుతుంది. పాత బంగళాల ప్రహరీల వెంబడి, గుళ్ల వెనుక, క్వార్టర్ల ముందు, రోడ్డు డివైడర్ల మీద ఎక్కడ చూసినా ఇవే. పెద్దగా నీరు అడగవు, మేకలు కొరకవు, ఏడాదిలో ఎక్కువ భాగం పూస్తూనే ఉంటాయి. రాతి నేల, మే నెల ఎండ ఉన్న మన ఊరికి ఇంతకంటే అనువైన పూలమొక్కలు తక్కువ. అయితే ఎప్పుడూ ఎదురుగా ఉండే వస్తువును మనం సరిగా చూడం. ఈ రెండింటి విషయంలోనూ జరిగింది అదే.

ముందు పేర్ల సంగతి చూద్దాం. మన తెలుగులో ‘గన్నేరు’ అనే మాట తగిలించుకున్న మొక్కలు కనీసం నాలుగు ఉన్నాయి. ఎర్రగా, తెల్లగా, గులాబీరంగులో గుత్తులుగా పూసే మామూలు గన్నేరు ఒకటి. గంటలాంటి పసుపుపచ్చ పూల పచ్చగన్నేరు రెండవది. గుడి ప్రాంగణాలలో లావుపాటి కొమ్మలతో, మంచి వాసనతో ఉండే దేవగన్నేరు మూడవది. కుండీలోనూ, గోడ పగుళ్లలోనూ మొలిచి ఊదారంగు పూలు పూసే చిన్న మొక్క బిళ్ళగన్నేరు నాలుగవది. విశేషమేమిటంటే వృక్షశాస్త్రం కూడా ఈ నాలుగింటినీ ఒకే కుటుంబంలో చేర్చింది. దాని పేరు అపోసైనేసి. మన నందివర్ధనం, రక్తపోటుకు మందునిచ్చిన సర్పగంధ కూడా ఆ కుటుంబంలోవే. ఏ యూనివర్సిటీ గడపా తొక్కని మన పూర్వులు ఆకు తీరు, పువ్వు రేకుల మెలిక చూసి వీటిని ఒక్క గూటికి చేర్చారంటే వారి చూపును మెచ్చుకోవాలి.

కాబట్టి గన్నేరు అన్నది ఇంటిపేరు అనుకోండి. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లందరి స్వభావం ఒకటే అవుతుందా? కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

మా ఉదయం నడక బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను. ఒకరోజు ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, దాని నిండా గన్నేరు ఆకులు కనిపించాయి. ‘ఇవి ఎందుకండీ?’ అని అడిగాను. ‘మా ఇంటావిడకు షుగర్ ఉంది మాస్టారూ. గన్నేరు ఆకు రోజూ పరగడుపున నమిలితే తగ్గుతుందని ఎవరో చెప్పారు’ అన్నారు. ‘ఏ గన్నేరు అని చెప్పారు?’ అన్నాను. ‘ఏదైతేనేం, గన్నేరు గన్నేరే కదా!’ అన్నారు. ఆయనకు చెప్పిన మనిషి ఉద్దేశించింది బిళ్ళగన్నేరు. ఆయన కోసుకొచ్చింది డివైడర్ మీది మామూలు గన్నేరు. ఆ కవరు అక్కడే పారవేయించి, కుళాయి దగ్గర ఆయన చేత చేతులు కడిగించి పంపాను. ఈ ప్రసంగానికి విషయం నాకు ఆ రోజే దొరికింది.

ఇప్పుడు మన గన్నేరు పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. శాస్త్రీయంగా దీని పేరు నీరియం ఓలియాండర్. 1753లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన పేరు అది. మధ్యధరా సముద్ర తీరం నుంచి పశ్చిమాసియా మీదుగా మన దేశం వరకు ఇది ఎంతో కాలంగా ఉంది. రోమనుల నాటి పాంపే నగరపు గోడల మీది తోట చిత్రాలలో గన్నేరు ఉంది. మన సంస్కృతంలో దీని పేరు కరవీరం. అమరకోశం దీనికి ఇంకొక పేరు కూడా చెప్పింది: హయమారకం. అంటే గుర్రాన్ని చంపేది అని అర్థం. సుశ్రుతుడు కూడా అదే అర్థం వచ్చే పేరుతో దీనిని విషమూలాలలో చేర్చాడు. అంటే ఇది విషమని మనవాళ్లకు ఎవరో వచ్చి కొత్తగా చెప్పనక్కరలేదు. పేరులోనే హెచ్చరిక రాసిపెట్టారు. పేరు మిగిలింది, హెచ్చరికను మనం మరిచిపోయాం.

ఇంటర్మీడియట్ చదివించిన తల్లిదండ్రులకు ఇంకొక సంగతి గుర్తుండవచ్చు. బోటనీ ప్రాక్టికల్స్‌లో ఎడారి మొక్కల లక్షణాలు చూపడానికి గన్నేరు ఆకునే అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడతాం. ఆకు అడుగు భాగాన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆకు గాలి పీల్చుకొనే రంధ్రాలు పైకి తెరుచుకోకుండా ఆ గుంటల లోపల, నూగు వెంట్రుకల చాటున దాగి ఉంటాయి. వడగాలికి నీరు ఆవిరైపోకుండా అది చేసుకొన్న ఏర్పాటు. ఎండాకాలం మనం తలుపులు ఓరగా వేసి, కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టుకున్నట్లే. జాతీయ రహదారుల నడుమ ఎదుటి లారీల దీపాల కాంతి కళ్లలో పడకుండా ఈ మొక్కను నాటడానికి కారణం ఈ ఓర్పే. దీని గట్టితనానికి ఇంకొక సాక్ష్యం చెబుతాను. 1945లో అణుబాంబు పడి బూడిద అయిన హిరోషిమా నగరంలో ముందుగా పూసిన పూలలో గన్నేరు ఒకటి. అందుకే ఆ నగరం దీనిని తమ అధికార పుష్పంగా పెట్టుకొంది.

పచ్చగన్నేరు కథ వేరు. దీని సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా. మిరప, జామ, సీతాఫలం లాగే సముద్రం దాటి వచ్చి మనదైపోయింది. ఇంకా చెప్పాలంటే గుడి చెట్టుగా మనం భావించే దేవగన్నేరు కూడా అమెరికా ఖండపుదే. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవిది. నాలుగు గన్నేర్లలో ఈ గడ్డమీద పాతకాపు మామూలు గన్నేరు ఒక్కటే.

పచ్చగన్నేరుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లలో కొంత వినోదం ఉంది. లినేయస్ దీనిని మొదట సెర్బెరా అనే ప్రజాతిలో చేర్చాడు. సెర్బెరస్ అంటే గ్రీకు పురాణాలలో యమలోకపు ద్వారం కాచే మూడు తలల కుక్క. విషం సంగతి తెలిసే ఆ పేరు వాడారు. పదహారవ శతాబ్దంలో బ్రెజిల్ వెళ్లివచ్చిన ఆంద్రే తేవే అనే ఫ్రెంచి సన్యాసి పేరు కూడా దీనికి తగిలించారు. తరువాత దీనికి థెవీషియా నీరిఫోలియా అనే పేరు కూడా వచ్చింది. నీరిఫోలియా అంటే ‘గన్నేరు ఆకు వంటి ఆకు కలది’ అని. చూశారా, పోలికను వారూ గుర్తించారు. థెవీషియా పెరువియానా అన్న పేరు మన పాఠ్యపుస్తకాలలో చాలాకాలం ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది కాస్కబెలా థెవీషియా. కాస్కబెల్ అంటే స్పానిష్ భాషలో గలగలలాడే చిన్న మువ్వ.

ఇక్కడ మీరు సరదాగా ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. పాత కథలలో, ఊరి కబుర్లలో ‘గన్నేరుపప్పు’ అనే మాట విన్నాం. ఆ పప్పు ఏ గన్నేరుది? మామూలు గన్నేరు గింజ సన్నగా, దూదిపింజ కుచ్చుతో గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. దానిని ఎవరూ పప్పు అనరు. గట్టి టెంక, లోపల పప్పు ఉండేది పచ్చగన్నేరుకే. కాబట్టి ఆ మాట అమెరికా నుంచి ఈ మొక్క వచ్చిన తరువాతే మన భాషలో పుట్టి ఉండాలని నా ఊహ. భయంకరమైన మాటే అయినా అందులో ఉపయోగకరమైన నిజం ఒకటి ఉంది. పచ్చగన్నేరులో అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది దాని గింజతోనే.

ఇక గుర్తుపట్టడం ఎలా? భూతద్దం అవసరం లేదు, కళ్లద్దాలు చాలు. నాలుగు గుర్తులు చెబుతాను.

మొదటిది ఆకులు. మామూలు గన్నేరులో కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులు ఒకే చోట చుట్టూ పుడతాయి. ఆకు దళసరిగా, తోలులాగా ఉండి, నడిమి ఈనె నుంచి రెండు వైపులా సన్నటి ఈనెలు దువ్వెన పళ్లలాగా దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పచ్చగన్నేరులో ఆకులు ఒకదాని తరువాత ఒకటి కొమ్మ చుట్టూ మెలికగా వస్తాయి. ఆకు ఇంకా సన్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పక్క ఈనెలు దాదాపు కనిపించవు.

రెండవది పాలు. పచ్చగన్నేరు ఆకు తుంచితే తెల్లని చిక్కటి పాలు కారుతాయి. మామూలు గన్నేరులో వచ్చేది నీరులా పలచని జిగురు. అయితే తుంచి చూడండని నేను చెప్పడం లేదు. చూడకుండానే మిగిలిన గుర్తులు సరిపోతాయి. ఎప్పుడైనా కొమ్మ విరిగి చేతికి అంటితే కళ్లు నలుపుకోకుండా ముందు సబ్బుతో కడుక్కోండి.

మూడవది పువ్వు. మామూలు గన్నేరు పువ్వు విచ్చుకొని బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో గొంతు దగ్గర చిన్న కుచ్చులాంటి అంచు కనిపిస్తుంది. ముద్ద గన్నేరులో రేకులు ఎక్కువై అది కనపడకపోవచ్చు. పచ్చగన్నేరు పువ్వు పూర్తిగా విచ్చుకోదు. రేకులు ఒకదానిమీద ఒకటి మెలిపడి గంటలాగా వేలాడుతుంది. రంగు చూసి మాత్రం నిర్ణయించకండి. పచ్చగన్నేరులో తెల్లపూలవీ, నారింజరంగు పూలవీ కూడా ఉన్నాయి. ‘తెల్ల గన్నేరు’ అంటే అది ఏదైనా కావచ్చు.

నాలుగవది కాయ. మామూలు గన్నేరుకు సన్నటి పొడుగాటి జంట కాయలు వస్తాయి. ఎండి పగిలితే కుచ్చుగింజలు ఎగురుతాయి. పచ్చగన్నేరు కాయ ఆకుపచ్చగా, కోణాలు తేలి, చిన్నపిల్లల గుప్పిటలో పట్టేంత ఉంటుంది. పండితే నల్లబడి రాలుతుంది. పిల్లలకు అది గోలీలాగా, బొంగరంలాగా కనిపిస్తుంది. అందుకే పిల్లలున్న ఇంట్లో రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమని అడిగితే నేను పచ్చగన్నేరు అనే చెబుతాను. విషం రెండింటిలోనూ ఉన్నా, చేతికి ఇష్టంగా అందే కాయను కింద రాల్చేది పచ్చగన్నేరే.

రూపంలో ఇంత తేడా ఉన్న ఈ రెండూ లోపలి విషంలో మాత్రం అక్కచెల్లెళ్లే. మామూలు గన్నేరులో ఉండే ముఖ్యమైన విషపదార్థం పేరు ఓలియాండ్రిన్. పచ్చగన్నేరులో ఉండేవి థెవెటిన్, పెరువోసైడ్ వంటివి. పేర్లు ఎన్నయినా ఇవన్నీ గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అనే ఒకే తరగతికి చెందినవి. మొక్కలోని ప్రతి భాగంలోనూ ఉంటాయి. ఆకు ఎండినా విషం పోదు.

ఈ మాట మన వయసు వారికి ఎందుకు ముఖ్యమో చెబుతాను. మనలో కొందరు డిజాక్సిన్ అనే చిన్న మాత్ర వేసుకుంటూ ఉండవచ్చు. గుండె లయ తప్పినప్పుడు, గుండె బలహీనపడినప్పుడు వైద్యులు ఇచ్చే మందు అది. అది కూడా ఒక విషపు మొక్క నుంచి వచ్చిందే. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు డిజిటాలిస్ మొక్క గుణం గురించి 1785లో పుస్తకం రాశాడు. ఆ వంశపు మొక్క నుంచి తీసినదే డిజాక్సిన్. గుండె కండరాల కణాలలో సోడియం, పొటాషియం రాకపోకలు నడిపే ఒక పంపు లాంటి ఏర్పాటు ఉంటుంది. దానిని డిజాక్సిన్ కొంచెం అదుపు చేస్తుంది. గన్నేరు విషం చేసే పనీ అదే. ఎంత దగ్గరి చుట్టరికమంటే, డిజాక్సిన్ కోసం చేసే రక్తపరీక్షలో గన్నేరు విషం కూడా డిజాక్సిన్ లాగే కనిపించవచ్చు.

మరి ఒకటి మందు, ఇంకొకటి విషం ఎలా అయ్యాయి? తేడా కొలతలో ఉంది. డిజాక్సిన్ మాత్ర మైక్రోగ్రాముల లెక్కన తూచి చేస్తారు. వైద్యుడు మూత్రపిండాల పనితీరు చూసి, పొటాషియం చూసి మోతాదు నిర్ణయిస్తాడు. అంత జాగ్రత్తలోనూ మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. గన్నేరు ఆకుకు తూకం ఏది? ఒక చెట్టు ఆకులో ఉన్నంత ఇంకొక చెట్టు ఆకులో ఉండదు. అప్పటికే డిజాక్సిన్ వేసుకొనే మనిషి ఆ ఆకు కషాయం తాగితే మందు మీద మందు పడినట్లే, ఇంకా స్పష్టంగా చెప్పాలంటే విషం మీద విషం పడినట్లే.

పచ్చగన్నేరు విషం వల్ల శ్రీలంకలో ఏటా వేలమంది ఆసుపత్రుల పాలవుతూ వచ్చారు. అందుకే దీని చికిత్స మీద ముఖ్యమైన పరిశోధన అక్కడ జరిగింది. డిజాక్సిన్‌కు విరుగుడుగా తయారుచేసిన ఇంజెక్షను పచ్చగన్నేరు విషానికి కూడా పనిచేస్తుందని నిరూపించిన అధ్యయనం 2000లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. ఆ విరుగుడు చాలా ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. కాబట్టి రాకుండా చూసుకోవడమే మనకు అందుబాటులో ఉన్న వైద్యం.

ఇక షుగర్ సంగతికి వస్తాను. బిళ్ళగన్నేరు ఆకు మధుమేహానికి మంచిదని ఎన్నో దేశాలలో నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించబోయిన కెనడా పరిశోధకులకు అందులో రక్తంలోని తెల్లకణాలను తగ్గించే పదార్థం కనిపించింది. అలా 1950ల చివరలో విన్‌బ్లాస్టిన్, తరువాత విన్‌క్రిస్టిన్ అనే మందులు వచ్చాయి. రక్త కాన్సర్ వచ్చిన ఎందరో పసిపిల్లలు ఆ మందుల పుణ్యాన బతికారు. చాలా గొప్ప సంగతి. కాని కాన్సర్ ఆసుపత్రిలో చుక్క చుక్క లెక్కపెట్టి ఎక్కించే మందు ఉన్న ఆకును మనం పరగడుపున నమలవచ్చా? ఆలోచించండి. బిళ్ళగన్నేరు సంగతే అలా ఉంటే, పేరు కలిసిందని గన్నేరు ఆకు నమలడం ఎంత సాహసం!

చదువుకున్న దేశాలు కూడా ఈ పొరపాటుకు అతీతం కావు. 2020లో కరోనా భయం ముమ్మరంగా ఉన్నప్పుడు అమెరికాలో ఓలియాండ్రిన్ ఆ జబ్బుకు మందని ప్రచారం జరిగింది. దానిని ఆహార అనుబంధంగా అమ్ముకోవాలని చూస్తే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. ఇప్పుడు మన సెల్‌ఫోన్లలోకి ప్రతి ఉదయం వచ్చే వైద్య చిట్కాలకు నియంత్రణ సంస్థ ఏదీ లేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

సోదరీమణులు అడగదలచుకొన్న ప్రశ్న నాకు తెలుసు: ‘మరి పూజ సంగతి ఏమిటి?’ అని. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రులలో కరవీర పత్రం ఉంది. అది మామూలు గన్నేరు. అదే పత్రిలో ఉమ్మెత్త, జిల్లేడు కూడా ఉన్నాయి. శివుడికి పచ్చగన్నేరు పూలు మనం రోజూ వేస్తాం. గరళం గొంతులో నిలుపుకున్న దేవుడికి ఏ పువ్వయినా చెల్లుతుంది, మన గొంతుకు చెల్లదు. పూజకు నిరభ్యంతరంగా వాడండి. పువ్వు ముట్టుకుంటే ఏమీ కాదు. కాని తీర్థం పాత్రలోనూ, నైవేద్యం మీదా వేయకండి. పూజ అయ్యాక చేతులు కడుక్కొని ప్రసాదం పంచండి. మన మోండా మార్కెట్‌లో పత్రి కట్ట కొన్నప్పుడు కూరగాయల సంచిలో కలపకుండా వేరే సంచిలో తెచ్చుకోండి. నిర్మాల్యాన్ని ఆవులు తినే చోట పారవేయకండి.

ఈ జాగ్రత్త నా సొంత చాదస్తం కాదు. మారేడుపల్లి తమిళ మిత్రులు, మన మలయాళీ మిత్రులు గన్నేరును అరళి అంటారు. కేరళలో ఒక యువతి మరణానికి అరళి ఆకు నమలడం కారణమన్న అనుమానం వచ్చిన తరువాత, 2024 మే నెలలో తిరువాంకూర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ అరళి పూలు వాడరాదని నిర్ణయించాయి. తులసి, నూరువరహాలు, మల్లె వంటివి ఉండనే ఉన్నాయి కదా.

అయితే ఇవన్నీ విని ఇంటికి వెళ్లి గొడ్డలి తీయకండి. నేను అందుకు చెప్పలేదు. మా ఇంటి ముందు గులాబీరంగు గన్నేరు ఇప్పటికీ ఉంది. దాని ఆకుమీద పెరిగే గొంగళిపురుగులు సీతాకోకచిలుకలై, పెద్ద ఆకుపచ్చ చిమ్మెటలై ఎగురుతుంటే చూడడం నాకొక కాలక్షేపం. ఆ పురుగులు విషాన్ని తట్టుకోగలవు, మనం తట్టుకోలేం, అంతే తేడా. పెంచేవారు కొన్ని నియమాలు పాటిస్తే చాలు. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. కత్తిరించిన కొమ్మలను మంట వేయకండి, ఆ పొగ మంచిది కాదు. పశువులకు అందేలా వేయకండి. ఆ పుల్లలతో పళ్లు తోముకోవడం, తినే వస్తువులు గుచ్చడం చేయరాదు. పచ్చగన్నేరు ఉన్నవారు వారానికి ఒకసారి కింద రాలిన కాయలు ఏరి చెత్తబుట్టలో వేయండి. పాకే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో కొత్తగా నాటదలిస్తే నందివర్ధనమో, మందారమో, నూరువరహాలో నాటుకోండి. పిల్లలు పెద్దయ్యాక గన్నేరు సంగతి చూసుకోవచ్చు.

ఎంత జాగ్రత్త పడినా ఎప్పుడైనా పిల్లవాడో, పెద్దవాళ్లో ఆకుగాని గింజగాని నమిలారని తెలిస్తే ఏం చేయాలి? నోట్లో మిగిలింది తీసివేసి, నీళ్లతో పుక్కిలింపజేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. చింతపండు నీళ్లు, మజ్జిగ అంటూ కాలయాపన చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా గాంధీ ఆసుపత్రి వంటి గుండె పరీక్షలు, ఐ.సి.యు. ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, నాడి నెమ్మదించడం దీని లక్షణాలు. మొదట మనిషి బాగానే ఉన్నట్లు కనిపించి, కొన్ని గంటల తరువాత గుండె లయ తప్పవచ్చు. అందుకే ‘బాగానే ఉన్నాడుగా’ అని ఇంట్లో కూర్చోకూడదు. తిన్న మొక్క కొమ్మ ఒకటి కవరులో పెట్టి వెంట తీసుకెళ్లండి. ఆ మనిషి రోజూ వేసుకొనే మాత్రల పట్టీ కూడా వైద్యుడికి చూపండి. డిజాక్సిన్ ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

అరగంట అయిపోయినట్లు అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పరీక్ష లేదని మొదట అన్నాను గాని, ఒకే ఒక ప్రశ్న మీకు ఇచ్చి వెళతాను. ఇకమీదట ఎవరైనా మీ దగ్గరకు వచ్చి ‘గన్నేరు దీనికి మంచిదట, దానికి మంచిదట’ అంటే, మీరు తిరిగి అడగవలసిన ప్రశ్న: ‘ఏ గన్నేరు?’ వారు ఏ పేరు చెప్పినా మీరు ఇవ్వవలసిన జవాబు ఒకటే: కంటికి మంచిదే, పూజకు మంచిదే, నోటికి మాత్రం వద్దు. ఈ ప్రశ్న, ఈ జవాబు ఇంటికి వెళ్లి మీ పిల్లలకు, మనవలకు, పనిమనిషికి, వాచ్‌మన్‌కు కూడా చెప్పండి. చెట్టు దగ్గర నిలబెట్టి ఆకు, పువ్వు, కాయ చూపించి చెబితే ఇంకా మంచిది.

 కాఫీ చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాను.